పేరు లేని సిగ్నల్ వెంట ఆళ్లగడ్డ దాకా

నంద్యాల వెళ్లొచ్చానంటే మహానంది చూశావా అంటారు, ఆళ్లగడ్డ అంటే అహోబిలం ఎక్కావా అంటారు. రెండూ చూడలేదు. మూడు రోజులు తిరిగి నేను చూసింది నాలుగు వందల పన్నెండు వరుసలున్న ఒక పట్టిక, ఆ వరుసలకు మూలమైన పంపు గదులు, చివరికి ఒక ఎండిపోయిన బావి. అటువైపు వెళ్లేవాళ్లెవరూ చూడాలనుకునే చోట్లు కావవి. అందుకే రాస్తున్నాను.

నా పని చెబితే ఇంట్లోవాళ్లకే సరిగా అర్థం కాదు. ఊళ్లకు తాగునీళ్లిచ్చే పథకంలో ప్రతి ట్యాంకులో, ప్రతి పంపు దగ్గర ఒక కొలిచే పరికరం ఉంటుంది. అది పంపే సంకేతం నంద్యాలలో ఉన్న సర్వర్‌కు చేరుతుంది. సర్వర్‌కు నీళ్లంటే తెలియదు. ఈ సంకేతం ఏ ట్యాంకుది, దాని అడుగు ఎక్కడ, అంచు ఎక్కడ, మీటర్లా లీటర్లా, ఎంతకు పడితే గంట మోగించాలి అని ఒక్కొక్కటి మనిషి కూర్చుని చెప్పాలి. ఆ మనిషిని నేను. పాత సర్వర్ తీసేసి కొత్తది పెడుతున్నారు కాబట్టి అన్నీ మళ్లీ చెప్పడానికి హైదరాబాదు నుంచి బయల్దేరాను.

డోన్: బొరుగుల ఉగ్గాని

పొద్దున్నే డోన్‌లో దిగి, స్టేషన్ బయట ఉగ్గాని తిన్నాను. గోదావరి వైపు పుట్టినదాన్ని. మేం మరమరాలంటాం, వీళ్లు బొరుగులంటారు. మాకది పిల్లల చిరుతిండి, వీళ్లకు నిండు టిఫిను. నానబెట్టి, నీళ్లు పిండేసి, ఉల్లిగడ్డ, పప్పుల పొడి వేసి తిప్పి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి నలభై రూపాయలకు ఇచ్చింది బండి ఆవిడ. మొదటి బజ్జీకే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏం పని మీద వచ్చినావమ్మా?" అంది మంచినీళ్ల గ్లాసు అందిస్తూ.

"ట్యాంకుల్లో నీళ్లెంతున్నాయో కంప్యూటర్‌లో కనపడేట్టు చేసే పని."

"మెట్లెక్కి తొంగి సూస్తే పోలే?"

నవ్వి బస్సెక్కాను.

నంద్యాల: కాగితం అంటించిన మూల

కంట్రోల్ రూమ్ ఊరి చివర ఉంది. బయట ఎండ, లోపల శాలువా కప్పుకునేంత చలి. గోడ నిండా తెరలు. వాటి ముందు రూతమ్మ అనే ఆవిడ కూర్చుని ఉంది. ముప్పై అయిదేళ్లుంటాయి. ఏడాదిగా పగటి డ్యూటీ ఆమెదే. ఎన్ని ఊళ్లు ఎప్పుడు లేచి కొళాయిలు తిప్పుతాయో ఆమెకు కంఠతా వచ్చు. ట్యాంకుల గీతలు పొద్దున ఆరింటికి దిగడం మొదలుపెడతాయి, తొమ్మిదికి నిలబడతాయి, పంపు వేశాక మళ్లీ ఎక్కుతాయి. అన్నీ ఒకే కుటుంబంలో పిల్లల్లా ఒకే నడకతో నడుస్తాయి.

పాత సర్వర్ తెర కింది మూలలో చిన్న కాగితం ముక్క అంటించి ఉంది. దుమ్ము పట్టి అంచులు పచ్చబడ్డాయి.

"ఇదేంటమ్మా?"

"నేను వచ్చినప్పటికే ఉండాది మేడమ్. దాన్కింద ఒక నెంబరు ఉంటాది. మేం దాన్ని సూడం."

"ఎందుకని?"

"సూస్తాంటే దిగులు పుడ్తాది మేడమ్. నీళ్ల మాదిరి ఉండదు అది."

కాగితం పీకాను. 20.9 అని ఉంది. పట్టికలో ఆ వరుస వెతికాను. మిగతావాటికన్నిటికీ ఇంగ్లిష్‌లో పొట్టి పేర్లున్నాయి. దీనికి పేరుండాల్సిన చోట ఆరు ప్రశ్న గుర్తులు, ఒక ఖాళీ, మళ్లీ ఏడు ప్రశ్న గుర్తులు. ఎవరో తెలుగులో పేరు పెట్టి ఉంటారు. పాత సర్వర్ నుంచి పట్టిక దింపుకునేటప్పుడు తెలుగు అక్షరాలు అలా చచ్చిపోతాయి. కొలత ఏమిటో రాయలేదు. అడుగు సున్న, అంచు ఇరవై అయిదు. ఆ పథకంలో అయిదు మీటర్లకు మించిన ట్యాంకే లేదు. గంట మోగాల్సిన హద్దు కూడా లేదు. వివరం గడిలో ఒకే ఒక్క ఇంగ్లిష్ మాట ఉంది, తీసెయ్యకండి అని.

సంకేతం వస్తున్నది, పరికరాల సంకేతాలను పోగుచేసి పంపే పెట్టెల్లో పదిహేడో నెంబరు దాని నుంచి. ఆ పెట్టె ఉన్న చోటుకెదురుగా మూసివేత అని రాసి ఉంది.

"పదిహేడంటే ఆళ్లగడ్డ దాటినాంక, చాగలమర్రి దారిలో పాత పంపు గది. ఆడ పంపు ల్యా ఇప్పుడు," అంది రూతమ్మ.

ఆ రోజంతా వేరే వరుసలు చేస్తూనే ఓ కంట దాన్ని చూస్తూ ఉన్నాను. పన్నెండు దాకా 20.9 దగ్గర కదలలేదు. తర్వాత దిగడం మొదలైంది. 20.1. 19.4. 18.6. ఏ ఊరి కొళాయిలతోనూ సంబంధం లేదు. దిగేది కూడా నీళ్లు దిగినట్టు నేరుగా కాదు, కాస్త దిగి, ఆగి, కాస్త పైకి లేచి, మళ్లీ దిగుతుంది. నాలుగు దాటాక మెల్లగా పైకి వచ్చి సాయంత్రానికి 20.9 దగ్గర నిలబడింది. రూతమ్మ ఆ మధ్యాహ్నమంతా ఆ మూలకేసి చూడకుండా తల పక్కకు పెట్టుకుని కూర్చుంది. నేను వెళ్లేటప్పుడు కొత్త కాగితం ముక్క కత్తిరిస్తోంది.

శిరివెళ్ల: బిందెల పంచాయితీ

రెండో రోజు శిరివెళ్ల వైపు ట్యాంకులు. ట్రాక్టర్ల వెనక దుమ్ము తింటూ ఒక్కో ట్యాంకు దగ్గర దిగి, లోపల నీళ్లు కొలిచి, తెర మీది అంకెతో సరిచూడటం. అక్కడ నావల్ల ఒక తప్పు జరిగింది. ఒక ట్యాంకుకు అడుగూ అంచూ తిరగేసి రాశాను. ఖాళీ అవుతున్న కొద్దీ సర్వర్‌కు నిండుతున్నట్టు కనపడి పంపు ఆపేసింది. గంటలో నలుగురు ఆడవాళ్లు ఖాళీ బిందెలతో నా ముందున్నారు.

"ఏందీ, కంప్యూటరుకు దప్పిక తీరిందని మాకు నీళ్లు నిలిపినారా?" అంది ముందున్న పెద్దావిడ.

సరిచేసి, పంపు వేయించి, నీళ్లొచ్చేదాకా అక్కడే నిలబడ్డాను. నీళ్లు రాగానే అదే పెద్దావిడ ఇంటికి పిలిచి జొన్నరొట్టె, నంజుకోవడానికి ఊరిమిండి పచ్చడి పెట్టింది. తిట్టు తిట్టే, తిండి తిండే. మా వైపు తిట్టినవాళ్లు ఒక వారమైనా మాట్లాడరు.

ఒక్క అంకె తిరగబడితే వీధి ఎండిపోతుందని ఆ రోజే నాకు బుద్ధొచ్చి ఉండాల్సింది. రాలేదు. సాయంత్రం లాడ్జీలో కూర్చుని పదిహేడో పెట్టె సంగతి తేల్చేశాను. మూసేసిన పంపు గది. పనిచేయని పరికరం. ఎండకు తీగ వేడెక్కి అంకె తప్పుతోంది, అంతే. తీయించేసి, వరుస చెరిపేస్తే పట్టిక శుభ్రంగా ఉంటుంది. పథకంలో ఫిట్టర్లుగా పనిచేసే ఖాదర్, రమణ అనే ఇద్దరికి ఫోన్ చేసి, రేపు వెళ్లి దాన్ని ఊడదీయమన్నాను. తీసెయ్యకండి అన్న మాట గుర్తుంది. ఎవరు రాశారో, ఎందుకు రాశారో మాత్రం ఎవరినీ అడగలేదు.

ఆళ్లగడ్డ: రాతి ముక్కులు

మూడో రోజు ఆళ్లగడ్డలో రెండు ట్యాంకులు చూసేసరికి పన్నెండు దాటింది. ఖాదర్ ఫోన్ చేశాడు.

"మేడమ్, పాత పంపు గది కాడ ఉండాం. నేల కింద గది ఉండాది. దాన్లో గోడకు సిన్న డబ్బా కొట్టినారంట. దిగి పీకమంటారా?"

"ముందు అన్నం తినండి. తర్వాత దిగి పీకండి," అన్నాను. ఎందుకలా అన్నానో తెలియదు. భోజనాల వేళ కదా అనిపించింది.

ఆళ్లగడ్డలో రోడ్డు పొడుగునా శిల్పాలు చెక్కే షెడ్లున్నాయి. నల్లరాతి దేవుళ్లు వరసగా నిలబడి ఉంటారు. సగం రాయి, సగం శరీరం. ఒకరికి చేతులు ఇంకా రాతిలోనే ఉన్నాయి, ఒకరికి ముఖమే రాలేదు. కళ్లు తెరవని ముఖాలు అన్ని ఒక్క చోట చూస్తే మాట తగ్గించి నడవబుద్ధవుతుంది. ఒక షెడ్డులో నడివయసు శిల్పి నోటికి ముక్కుకు తువ్వాలు చుట్టుకుని, అమ్మవారి ముక్కు రంధ్రాల్లో సన్న ఉలితో తొలుస్తున్నాడు. మధ్యమధ్య పని ఆపి, బయటికి వెళ్లి నిలబడి వస్తున్నాడు.

"ఎండలోకి ఎందుకు వెళ్తున్నారు?" అన్నాను.

"ఊపిరి కోసం మేడమ్," అన్నాడు తువ్వాలు కిందికి లాగి. "ఈ దుమ్ములో గాలి యాడుంటాది? గాలి తగ్గేది మనకు తెలీదు. మొదట తల తిరగదు, ఏం కాదు. మోకాళ్లు మాత్రం పట్టు తప్పుతాయి. అప్పుడు బయటికి రావాల."

గాలి తగ్గేది.

నా చేతిలో ఫోన్ ఉంది. సర్వర్ పట్టిక అందులోనూ తెరుచుకుంటుంది. పదిహేడో పెట్టె వరుస 18.3 అని చూపిస్తోంది. చాలా ఏళ్ల కిందట ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేసినప్పుడు, మూసిన గదుల్లోకి వెళ్లేముందు నడుముకు ఒక చిన్న పెట్టె కట్టేవారు. బయట నిలబడితే దాని మీద ఎప్పుడూ ఒకటే అంకె ఉండేది. 20.9. మనం పీల్చే గాలిలో ప్రాణవాయువు వంతు. 19.5కు పడితే ఆ పెట్టె కూత పెట్టేది.

ఇది నీళ్ల అంకె కాదు. తీగ వేడెక్కడమూ కాదు. ఆ నేల కింది గదిలో గాలి ప్రతి మధ్యాహ్నం తగ్గుతోంది. ఆ గదిలోకి ఇద్దరు మనుషుల్ని దిగమని చెప్పాను.

ఖాదర్‌కు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. రమణకు చేశాను. ఎత్తలేదు. ఫిట్టర్లు పనిలోకి దిగేటప్పుడు ఫోన్లు బండి డిక్కీలో పెట్టేస్తారు.

చాగలమర్రి దారి: మూత మీద మనిషి

ఆళ్లగడ్డ నుంచి అక్కడికి పావుగంట. డ్రైవరుకు తొందరగా పోనివ్వమని ఒక్కటే చెప్పాను. 17.9. 17.6. అంకె మారినప్పుడల్లా అది వాళ్లేనేమో, కింద ఇద్దరు పీలుస్తున్నందుకేనేమో అనిపించింది. 17.2. కాస్త పైకి లేచి 17.4. మళ్లీ 17.1. మొదటి రోజు నాకు అర్థం కాని ఆ నడక ఇప్పుడు అర్థమైంది. అది నిద్రపోతున్న మనిషి ఛాతీ కదిలినట్టు కదులుతోంది.

పంపు గది పొలాల మధ్య ఒంటరిగా ఉంది. దాని వెనక పాత బావి. నీళ్లు ఎండిపోయాక బావిలోనే గది కట్టి, వాల్వు పెట్టి, పైన శ్లాబు పోసి ఇనప మూత బిగించారు. ఆ మూత మీద ఒక ముసలాయన బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఖాదర్, రమణ నిలబడి ఉన్నారు. ఇద్దరూ పైనే ఉన్నారు.

నేను కారు దిగి మూత దగ్గరికి నడిచాను.

"సూడండి మేడమ్," అన్నాడు ఖాదర్ కోపంగా. "ఈన పేరు యేసేబంట. వాల్వు కాడ కాపలా. గంట నుంచి ఇట్లే కూసున్నాడు. లెయ్ పెద్దాయనా అంటే లెయ్యడు. ఏందని అడిగితే దిగమన్నోళ్లకే సెప్తా అంటాడు."

యేసేబు నాకేసి చూశాడు. "మీరేనా వీళ్లను దిగమనింది?"

"నేనే."

"మీరు దిగుతారా?"

"లేదు. దిగను. వాళ్లూ దిగరు. నాకు ఇప్పుడే తెలిసింది."

ఆయన మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు. మూత మధ్యలో బొటనవేలు పట్టేంత కంత ఉంది. జేబులోంచి బీడీకట్ట కాగితం తీసి ఆ కంత మీద పెట్టి చేయి తీసేశాడు. కాగితం పడిపోలేదు. జానెడు పైకి లేచి, అక్కడే వణుకుతూ నిలబడింది. చుట్టూ ఎక్కడా గాలి లేదు, జొన్న ఆకు కూడా కదలడం లేదు. నేను వంగాను. చెంపకు చల్లగా తగిలింది. తడి సున్నం వాసన. లోపల్నుంచి సన్నగా, గొంతు అడుగున గురక లాంటి చప్పుడు.

"పొద్దున పీలుస్తాది," అన్నాడు యేసేబు. "కాగితం పెడితే మూతకు కర్సుకుంటాది. మధ్యాన్నమైతే వదుల్తాది. నాలుగు దాంక ఇంతే. ఇది వదిలే గాలి మనకు పనికిరాదు."

తిరిగొచ్చాక రాళ్ల గురించి తెలిసిన ఒక స్నేహితురాలిని అడిగాను. ఆ నేల కింద సున్నపురాయి బీటలు చాలా దూరం పోయి ఉంటాయట. మధ్యాహ్నం బయట గాలి ఒత్తిడి తగ్గితే, బీటల్లో చచ్చుబడి ఉన్న గాలి పైకి తోసుకొస్తుందట. మామూలు సంగతేనంది. కావచ్చు. ఆ కంత దగ్గర చెంప పెట్టినవాళ్లకు అది మామూలుగా అనిపించదు.

ఖాదర్ అక్కడే నేల మీద కూలబడ్డాడు. రమణ బండి దగ్గరికి వెళ్లి, డిక్కీలోంచి ఫోన్ తీసి ఇంటికి చేశాడు. "ఏంల్యా," అంటున్నాడు. "ఊరికే చేసినా. తిన్యావా? ఊరికే."

యేసేబు మమ్మల్ని పంపు గది నీడలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. రెండేళ్ల కిందట వాల్వు బిగించడానికి నాగన్న అనే కూలీ దిగాడట. చివరి మెట్టు మీద కాలు పెట్టగానే అరవకుండా, పిలవకుండా కూర్చున్నట్టు కూర్చుండిపోయాడట. అతన్ని తీయడానికి ఓబులేసు దిగాడు. అతనూ అంతే.

"నేను పైన తాడు పట్టుకోని ఉండా. ఇద్దురూ నాకు కనపడ్తాండారు. పిలిస్తే పలకల్యా. అప్పటి కాంట్రాక్టు వాళ్లు కరెంటు షాకు అన్న్యారు, పంపు మూసినారు, పోయినారు. ఒక ఇంజినీరు సారు మాత్రం మళ్లా వచ్చినాడు. సొంతంగా ఆ డబ్బా తెచ్చి, పొద్దున పూట తాడు కట్టుకోని దిగి, కొట్టిపోయినాడు. దానికి పేరేం పెడ్తాం యేసేబూ అన్న్యాడు. నేను వాళ్ల పేర్లే చెప్పినా."

వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. పేరుకు బదులు పడ్డ ప్రశ్న గుర్తుల్లో గుణింతాలు, ఒత్తులు విడిగా లెక్కకొస్తాయి. నాగన్న, ఆరు. ఓబులేసు, ఏడు. వాళ్లిద్దరినీ నేను పనికిరాని వరుస అనుకున్నాను.

అదే చోట, సాయంత్రం

నాలుగు దాటాక కంత దగ్గర చప్పుడు ఆగింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత యేసేబు మళ్లీ పెట్టిన కాగితం టపీమని మూతకు అతుక్కుంది. ఖాదర్ ఉలిక్కిపడి ఇంకో గజం దూరం జరిగాడు.

కంప్యూటర్ గట్టు మీద పెట్టుకుని ఆ వరుస మొదటి నుంచి రాశాను. తెలుగు అక్షరాలు చెడిపోకుండా ముందు ఆ అమరిక సరిచేశాను. పేరు, నాగన్న ఓబులేసు. కొలత, గాలిలో ప్రాణవాయువు, నూటికి ఎంత. అడుగు సున్న, అంచు ఇరవై అయిదు. 19.5కు పడితే నంద్యాలలో గంట మోగాలి, ఇక్కడ గది మీద ఎర్రదీపం వెలగాలి, కూత రావాలి. ఆ దీపం, కూత పెట్టే డబ్బా రమణ తన బండిలో ఉన్న సామానుతో ఆ సాయంత్రమే బిగించాడు. ఇంకొక గడి మిగిలింది. గంట మోగినప్పుడు తెర మీద కనపడే మాట.

"ఏం రాయమంటారు?" అన్నాను యేసేబును.

"ఏమన్నా రాయొచ్చునా?"

"మీ ఇష్టం."

"దిగొద్దప్పా అని రాయండి."

దిగొద్దు అని కొట్టాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, వంగి, అక్షరం అక్షరం కూడబలుక్కున్నాడు.

"అప్పా వదిలేసినారు."

"అధికారిక సందేశం కదా. అంత అవసరమా?"

ఆయన కళ్లద్దాలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు.

"ఓబులేసు నన్ను అడిగినాడు మేడమ్. మెట్టు మీద కాలు పెట్టి, నా మొగం సూసి అడిగినాడు. దిగుదునా అన్నా అని. బేగా దిగప్పా అన్న్యా నేను."

అప్పా చేర్చాను.

అమర్చినది పనిచేస్తోందో లేదో చూడటానికి ఒక్క నిమిషం పాటు దొంగ అంకె పంపాలి. 19 అని పంపాను. గది మీద ఎర్రదీపం వెలిగింది, కూత వచ్చింది. వెంటనే నా ఫోన్ మోగింది. రూతమ్మ.

"మేడమ్, ఈడ తెర మీద దిగొద్దప్పా అని వచ్చాంది. ఎవురు మేడమ్? ఎవురు అంటాండారు?"

నేను ఫోన్ యేసేబు చేతికిచ్చాను. ఆయన దాన్ని రెండు చేతులతో చెవికి ఆనించుకున్నాడు.

"నేనేమ్మా," అన్నాడు. "నేనే అంటాండా."